ఉప్పులో నీళ్లు చూసే పిల్ల

మా ఊళ్లో నన్ను నీళ్ల మేడం అంటారు. ఎగతాళికి అనేవాళ్లయితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నాకు నోరు తక్కువేమీ కాదు. వాళ్లు నిజంగానే, మర్యాదగానే అంటారు. నా బాధంతా అదే. దేవరకొండ బస్టాండులో దిగి ఆటో ఎక్కితే డ్రైవరు వెనక కూర్చున్నవాళ్లను జరిపించి నాకు మంచి జాగా ఇప్పిస్తాడు. ఊరు వచ్చేలోపు మెల్లగా అడుగుతాడు: "మేడం, మా చేన్ల జర ఒక్కపారి నడుస్తరా? బోరు ఏద్దామనుకుంటున్నం." అప్పుడు నాకు అక్కడే దిగి, మిగతా దూరం ఎండలో నడిచి పోదామనిపిస్తుంది.

నా పని నీళ్ల మీదే, అది అబద్ధం కాదు. హైదరాబాదులో ఒక రసాయన శాస్త్రం ల్యాబులో ఏళ్లుగా నీళ్లనే చూస్తున్నాను. కాకపోతే నేను చూసిన నీళ్లన్నీ పోగేసినా ఒక పిచ్చుక గొంతు తడవదు.

ఉప్పు అంటే మనకు పలుకులు గుర్తొస్తాయి. వంటింటి ఉప్పును పొయ్యి మీద పెట్టి ఎంతసేపు మంట పెట్టినా కరగదు. కానీ కొన్ని ఉప్పులున్నాయి, మామూలు గది వేడికే ద్రవంగా ఉంటాయి. ఉప్పునీళ్లు కావవి. నీటి చుక్క కలపకుండానే ఉప్పే ద్రవంగా ఉంటుంది. వాటిని అయానిక్ ద్రవాలంటారు. చూడటానికి ఆముదంలా ఉంటాయి, సీసా వంచితే బద్ధకంగా జారుతాయి. లోపల ధనావేశం ఉన్న అయాన్లు, రుణావేశం ఉన్న అయాన్లు కలిసి ఉంటాయి. నేను వాడే ద్రవంలో ధన అయాన్లకు నూనె గుణమున్న తోకలుంటాయి. తోకలన్నీ ఒక పక్కకు చేరతాయి, ఆవేశాలు ఇంకో పక్కకు చేరతాయి. దాంతో పైకి ఒకే ద్రవంలా కనిపించే దాని లోపల సందులూ గొందులూ ఏర్పడతాయి. తల వెంట్రుక మందాన్ని లక్ష భాగాలు చేయగలిగితే ఒక భాగం ఎంతుంటుందో, ఆ సందుల కొలత దగ్గర దగ్గర అంత.

ఆ సందుల్లోకి నీరు దూరితే ఏం చేస్తుందన్నదే నా చదువు. కొద్దిగా దూరితే అది నీళ్లలా ఉండదు. ఒక్కో నీటి అణువును రుణ అయాన్లు చెరో పక్క పట్టుకుంటాయి. దాని పక్కన ఇంకో నీటి అణువు ఉండదు. అట్లాంటి నీరు పారదు, చల్లబరిస్తే మామూలు నీళ్లలా గడ్డకట్టదు. ఇంకొంచెం నీరు కలిస్తే అణువులు రెండు మూడుగా కూడుకుంటాయి, తర్వాత చిన్న చిన్న మడుగులవుతాయి, ఆ తర్వాత ఎప్పుడో ఒక మడుగు ఇంకో మడుగును అందుకుంటుంది. అప్పుడు గానీ అవి మనకు తెలిసిన నీళ్లు కావు. ఇదంతా కంటికి కనబడదు కాబట్టి పరారుణ కాంతి పంపించి, మిషను గీసే గీతలో చూస్తాం. ఒంటరి నీటికి గీతలో సన్నని రెండు శిఖరాలు వస్తాయి. గుంపు నీటికి వెడల్పాటి గుట్ట వస్తుంది, మా దేవరకొండ గుట్టను దూరం నుంచి చూసినట్టే. నేను ఎన్నో పగళ్లు ఆ శిఖరాలు గుట్టగా మారే చోటును వెతుకుతూ గడిపాను. అందులో నాకు సంతోషముంది. ఎవరైనా "దీంతో ఏం లాభం" అంటే కోపం కూడా వస్తుంది.

ఇంట్లో మొదట అర్థమైంది అమ్మకు. మా ద్రవానికి నీటి ఆశ ఎక్కువ, మూత తీస్తే చాలు గాలిలోని తేమను లాక్కుంటుంది, అందుకే ఎప్పుడూ ఆరబెడుతూ ఉండాలి అని చెప్పాను. అమ్మ జొన్నపిండి కలుపుతూ విన్నది. చిన్నప్పుడు మామిడికాయ తొక్కు జాడీలో తడి చెయ్యి పెట్టి ఆమె చేత దెబ్బలు తిన్నదాన్ని నేను.

"గంతేనా? తొక్కుల తడి జొరకుంట చూసుడేనా నీ చదువు?" అన్నది. "గదేదో ఇంట్ల ఉన్నప్పుడు చూసేది ఉండె."

బాపుకు అట్లా ఒక్క మాటతో సరిపోలేదు. ఆయన గొర్ల కాపరి. పొద్దున గొంగడి భుజాన వేసుకుని పోతే పొద్దుగూకి వస్తాడు. ఏ గుట్ట వెనక ఏ గుంటలో ఎన్నాళ్లు నీళ్లుంటాయో చూసుకుంటూ బతికిన మనిషి. నీళ్ల మాట ఎత్తితే ఊరుకోడు. అందుకని ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక చిన్న గాజు సీసాలో కొద్దిగా ద్రవం తెచ్చాను. బాపును అరుగు మీద కూర్చోబెట్టి సీసా చేతికిచ్చి వంచమన్నాను. ద్రవం మెల్లగా, ఇష్టం లేనట్టు జారింది. తర్వాత మూత తీసి ఒక్క చుక్క నీళ్లు వేసి బాగా కదిలించి మళ్లీ ఇచ్చాను. ఈసారి వంచగానే జర్రున జారింది. బాపు దాన్ని ఇటు వంచాడు, అటు వంచాడు, వెలుతురుకు పెట్టి చూశాడు.

"నీళ్లు యాడున్నయ్ గిప్పుడు?"

"ఉప్పు సందులల్ల ఉన్నయ్ బాపూ."

"నీకు కనబడ్తయా?"

"మిషిన్ల కనబడ్తయ్."

అంతే నేను అన్నది. మర్నాటికి ఆ మాట గొర్ల వెంట తిరిగి, కల్లు దుకాణం దాకా పోయి, అక్కడి నుంచి చుట్టాల ఇళ్లకు చేరింది. నా బిడ్డ ఉప్పుల దాగిన నీళ్లను చూస్తది, అని బాపు కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. చెట్టుకు చెప్పాడు, పుట్టకు చెప్పాడు. నేను విని నవ్వుకున్నాను. నిజం చెప్పాలంటే మురిసిపోయాను. పరిశోధకుల సభల్లో నా పని గురించి ఎవరూ అంత అందంగా చెప్పలేదు.

ఆ మురిపెం శివరాత్రి దాటాక దిగింది. బాపుకు ఒక అక్క ఉంది, నా మేనత్త. తల్లి లేని బాపును ఎత్తుకుని పెంచింది ఆమె. తిరుమలగిరి అవతల ఆమె ఊరు. మామ పోయాక గొర్రెలను తనే కాస్తూ, ఉన్న కొద్ది చేనులో బత్తాయి పెట్టింది. తెలంగాణ వచ్చాక వాళ్లింటికి నల్లా వచ్చింది గానీ చేనుకు రాలేదు, అక్కడ బోరే దిక్కు. చెట్లు కాపుకు వచ్చిన ఏడే ఉన్న బోరు ఎండిపోయింది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా నడిచే ఆయనను పిలిపిస్తే, కాయ నిలబడ్డ చోట తవ్వించారు, దుమ్ము లేచింది. మిషను తెచ్చి నేల మీద తీగలు పరిచినాయన చూపించిన చోటా దుమ్మే లేచింది. ఇక ఆమె దగ్గర మిగిలింది గొర్రెల మంద ఒక్కటే. అది అమ్మితే ఇంకో బోరు పడుతుంది. నీళ్లు పడకపోతే చెట్లూ ఉండవు, గొర్రెలూ ఉండవు.

అత్త బాపుకు ఫోను చేసింది. "తమ్మీ, ఊరోళ్లందరికి చెప్తున్నవట గదా. మరి నా కోడల్ని తోలుకరావు?"

నేను హైదరాబాదు నుంచి వచ్చింది ఆ సంగతి తెలియకనే. అత్తకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. బాపు బస్సులో చెప్పాడు.

"బాపూ, నాకు బోరు సంగతి ఏం తెల్వది. నేను చూసే నీళ్లు వేరు."

బాపు నా వైపు చూడలేదు, కిటికీలోంచి బయట కనబడుతున్న నల్లరాళ్ల గుట్టలను చూపించాడు. "గీ నేలల నీళ్లు యాడుంటయ్? రాయి సందులల్ల ఉంటయ్. నీ సీసల యాడుంటయంటివి? ఉప్పు సందులల్ల ఉంటయంటివి. రెండూ ఒకటే గదా."

అన్నీ చదివినదాన్ని, ఆ మనిషి కట్టిన వరస ఎక్కడ తెగుతుందో చెప్పడానికి తడుముకున్నాను. పరిమాణం వేరు బాపూ అన్నాను. సందు పెద్దదైతే చూడటం ఇంకా సులువు కదా అన్నాడాయన. ఆ మాటకు నాకు నవ్వు కూడా వచ్చింది. ఇంటికి చేరాక అత్తకే నిదానంగా చెప్పుకుందాంలే అనుకున్నాను.

తీరా పోతే మమ్మల్ని నేరుగా చేనుకే తీసుకుపోయారు, చూస్తే గట్టు మీద జనం. అత్త పాలివాళ్లు, పక్క చేన్లవాళ్లు, ఎవరో ఒకావిడ చంటిపిల్లతో సహా. పసుపు, కుంకుమ, ఊదుబత్తులు, పీచు తీసిన కొబ్బరికాయ సిద్ధంగా ఉన్నాయి. నా కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోశారు. ఆ నీళ్లు పొయ్యొద్దని అందామనుకున్నాను, అప్పటికే పోశారు. నేల చెంబెడు నీళ్లనూ మింగి ఏమీ ఎరగనట్టు పడుకుంది. నా చదువు సర్టిఫికెట్లన్నీ ఎవరో లాక్కుని పొయ్యిలో పెడితే బాగుండుననిపించింది.

కొబ్బరికాయ మాత్రం ముట్టుకోలేదు. అత్త చేతులు పట్టుకుని చెప్పాను.

"అత్తా, నేను చూసేది చుక్కల చుక్క. గది గీ నీళ్లు గాదు."

"నీళ్లల్ల వేరేముంటది కోడలా, మంచినీళ్లు, ఉప్పునీళ్లు తప్ప?" అన్నది అత్త. ఆమె గొంతులో వాదన లేదు. నిజంగానే అడిగింది. "సరే, కాయ పట్టకు. ఊకె నా చెట్లను చూద్దువు రా. మొక్కలున్నప్పుడు నువ్వు నీళ్లు పోసిన చెట్లే గదా."

చెట్లను చూడటానికి ఏం కాదనుకున్నాను. అత్త ముందు, నేను వెనక నడిచాం. బత్తాయి ఆకులు పడవల్లా ముడుచుకున్నాయి. పిందెలు నిమ్మకాయంత కాకముందే పసుపెక్కి రాలుతున్నాయి. అత్త ఒక్కో చెట్టునూ తట్టి, ఇది ముందు కాసింది, ఇది మొండిది అని చెబుతోంది. జనం దూరంగా వెంట వస్తున్నారు. తోట నడుమ ఉత్త జాగా ఒకటి దాటుతుంటే నా కాలిలో పల్లేరు ముల్లు దిగింది. అరిగిపోయిన రబ్బరు చెప్పు అది, సగం మడమ నేల మీదే ఉంటుంది. అబ్బా అని ఆగి, ఒంటి కాలి మీద నిలబడి ముల్లు పీక్కున్నాను. తల ఎత్తేసరికి మా వెనక వచ్చిన పెద్దమనిషి ఒకాయన వంగి, నేను నిలబడ్డ చోట రాయి పెడుతున్నాడు. ఇంకెవరో దాని మీద పసుపు చల్లారు.

"ఏందిది?" అన్నాను.

"ఇంత చేన్ల గీడనే ఆగినవంటే ఊకెనే ఆగినవా తల్లీ?"

మొదట నవ్వాను. పల్లేరు ముల్లు చూపించాను, అరిగిన చెప్పు తీసి చూపించాను. వాళ్లు కూడా నవ్వారు, ఇష్టంగా, ఒక గొప్ప డాక్టరు తన వైద్యం గురించి తనే తక్కువ చేసి మాట్లాడితే నవ్వినట్టు. రాయి తీసేశాను. మళ్లీ పెట్టారు. అప్పుడు బాపు ముందుకొచ్చాడు. గర్వంతో ఆయన మొహం వెలుగుతోంది. నా సీసా సంగతి, చుక్క వేయగానే ఉప్పు జర్రున జారిన సంగతి, రాయి సందు, ఉప్పు సందు, అంతా మొదటి నుంచి జనానికి చెప్పడం మొదలుపెట్టాడు. అత్త ఆయన మొహంలోకే చూస్తోంది, తన గొర్రెలన్నీ ఆ మాటల్లో ఉన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ వినేటట్టు అరిచాను.

"నీకు తెల్వది బాపూ! తెల్వనిది ఎందుకు మాట్లాడుతవ్? ఊకో!"

బాపు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, తర్వాత మూసుకున్నాడు. భుజం మీది గొంగడి తీసి, దులపడానికి ఏమీ లేకపోయినా దులిపి, మళ్లీ భుజాన వేసుకున్నాడు. పెంచిన అక్క ముందు, ఆమె పాలివాళ్ల ముందు, నా గొప్పలు చెబుతున్న మనిషిని నేనే నోరు మూయించాను. నా మాటలో తప్పు లేదు. అన్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"పెద్దోనితోని గట్లంటరా కోడలా," అన్నది అత్త మెల్లగా. తర్వాత రాయిని చూసింది, నన్ను చూసింది. "ఇద్దరు తెలిసినోళ్లు పెట్టిన పాయింట్లల్ల దుమ్మే లేసింది. నువ్వు తెల్వదన్న కాడ ఒక్కపారి చూస్త."

ఎంత చెప్పినా వినలేదు. అదే రోజు గొర్రెల బేరగాడికి కబురు పోయింది. ముందు సగం మంద ఇచ్చేటట్టు, లోతు ఎక్కువైతే మిగతా సగం మీద చూసుకునేటట్టు మాట్లాడుకున్నారు. నేను హైదరాబాదు పోవచ్చు, పోలేకపోయాను. బాపు నాతో మాట్లాడలేదు. కోపంగా ఉన్నట్టు కూడా కనబడలేదు. అన్నం తింటూ నాకు మజ్జిగ గిన్నె జరిపాడు, అంతే.

పొద్దున్నే బోరు బండి వచ్చింది. రాయి తీసి, కొబ్బరికాయ కొట్టి, అక్కడే గొట్టం నిలబెట్టారు. కొంచెం మట్టి, తర్వాత మొరం, ఆపైన రాయి తగిలింది. కంప్రెసరు హోరుకు మాట వినబడదు. బూడిద రంగు దుమ్ము లేచి చెట్ల మీద, మా తలల మీద, పక్కన కట్టేసిన బర్రె మీద పడింది. ఆడవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఒక్కో రాడ్డు దిగుతుంటే అత్త పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని తలుచుకుంటుందో తెలియదు. నేను దుమ్మునే చూస్తూ నిలబడ్డాను. దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రమే ఉన్న నేను కూడా ఆ పొద్దు మొక్కుకున్నాను. పరువు కోసం కాదు, అత్త గొర్రెల కోసం.

మధ్యాహ్నం వేళకు దుమ్ము రంగు మారింది. ఎగరకుండా ముద్దగా పడటం మొదలైంది. "తడి! తడొచ్చింది!" అని ఎవరో కేక వేశారు. చంటిపిల్ల తల్లి చప్పట్లు కొట్టింది. ఒకాయన పరుగెత్తుకొచ్చి నా కాళ్లకు దండం పెట్టబోయాడు, నేను వెనక్కి గెంతాను. బోరు బండాయన మిషను ఆపి, ఆ ముద్దను పిడికెడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మేడం, ఆపుదామా? ఇంక రాడ్లు దించుదామా?"

అందరూ నా వైపు తిరిగారు. పిడికిలి బిగించి తెరిచాను. రాతిపొడి ముద్దయింది, దాని మీద నా వేళ్ల గుర్తులు పడ్డాయి. అరచెయ్యి మాత్రం తడవలేదు. నాకు ఆ తడి తెలుసు. ఇన్నేళ్లు నేను చూసిన నీరు అట్లాంటిదే. ఉంటుంది, కానీ కదలదు. ఒక్కో రేణువు తన కొద్ది నీటిని తను పట్టుకుని కూర్చుంటుంది, ఒక చోటి నీరు ఇంకో చోటి నీటిని అందుకోదు. ల్యాబులో అయితే ఇంకో చుక్క కలిపి చూస్తాను, ఇంకో చుక్క కలిపి చూస్తాను, అవి ఎప్పుడు కలుస్తాయో పట్టుకుంటాను. ఇక్కడ చుక్క కలిపేవాళ్లు ఎవరూ లేరు. కింద ఏమున్నదో నాకు తెలియదు.

"అత్తా, గిది తడి. పారే నీళ్లు గాదు. కింద ఉన్నయో లేవో నాకు తెల్వది."

"అంటే ఆపుమంటవా?"

ఆమె అట్లా అడుగుతుండగానే వెనక నుంచి బాపు గొంతు వినబడింది. నిన్నటి నుంచి ఆయన మాట్లాడిన మొదటి మాట. బండాయన వైపు చూసి అన్నాడు. "దించుండ్రి. నా బిడ్డ నిలబడ్డ జాగా అది."

ఆపండి అని అనవలసింది. నోటి దాకా వచ్చింది. నిన్న అందరి ముందు ఆయన నోరు మూయించినదాన్ని, ఈరోజు మళ్లీ అందరి ముందు ఆయన మాటను కొట్టెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. నిన్న అక్కర్లేని చోట అరిచాను, ఈరోజు అక్కర ఉన్న చోట నోరు పెగల్లేదు. నా మౌనాన్ని అత్త సరేనన్నట్టు తీసుకుంది. తల ఊపింది.

ఒక రాడ్డు దిగింది. ముద్ద పడింది. ఇంకోటి దిగింది, ముద్ద పొడిబారింది. ఆ తర్వాత దిగిన రాడ్లన్నింటికీ తెల్లటి పొడి దుమ్ము లేచింది, పొద్దున లేచినదాని కంటే పలుచగా, మెత్తగా. ఆ దుమ్ము లేస్తున్న కొద్దీ జనం ఒక్కొక్కరే గట్టు దిగి పోయారు. చివరికి అత్తే చెయ్యి ఎత్తి, "ఇగ చాలు" అన్నది. అప్పటికి మిగతా సగం మంద కూడా అయిపోయింది.

నేను ఏడ్చాను. అత్త నా తల మీది దుమ్మును తన కొంగుతో తుడిచింది. నిజానికి ఆమె తిడితే బాగుండేది. "నువ్వేం జేస్తవ్ కోడలా, తెల్వదని ముందుగాలనే చెప్తివి గదా," అన్నది. చెట్టు నీడకు పోయి, మా కోసమని కొని తెప్పించిన మంచినీళ్ల క్యాను వంచి గ్లాసు నిండా పోసి తెచ్చింది. "తాగు, దుమ్ముకు గొంతు ఎండిపోయింటది." ఎండిపోతున్న చెట్ల నడుమ కూర్చుని ఆ నీళ్లు తాగాను. గొంతు దిగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంత జరిగాక నా పేరు పోవాలి కదా. పోలేదు. "మేడం తెల్వదని ముందే అన్నది, ఆమె మాట ఇనకపాయిరి" అని ఊళ్లో చెప్పుకున్నారు. దుమ్ము లేచినందుకు నా గౌరవం ఇంకాస్త పెరిగింది. ఆటో డ్రైవరు అడిగేది అందుకే. ఆ మనిషికి ఎన్నిసార్లని చెప్పను, ఏం చెప్పినా నమ్మకమే పెరుగుతుంటే.

నేను హైదరాబాదు వచ్చేశాక బాపు తన మందలో మంచి ఈడు గొర్రెలను ఏరి, రోడ్డు వెంబడి తోలుకుంటూ అక్క ఊరికి పోయాడట. మా దగ్గర మేత లేదక్కా, నీ దగ్గరుంచుకో అన్నాడట. మేత రెండు చోట్లా లేదు, అది ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి నాకు అమ్మ ఫోనులో చెప్పింది. బాపు చెప్పలేదు. నాతో మామూలుగానే మాట్లాడతాడు, తిన్నవా, పన్నవా అని అడుగుతాడు. నీళ్ల సంగతి మాత్రం ఎత్తడు. ఒకసారి నేనే, ల్యాబులో ఆ శిఖరాలు గుట్టగా మారే చోటు దొరికింది బాపూ అని సంబరంగా చెప్పాను. మంచిది బిడ్డా అని ఫోను అమ్మకిచ్చాడు.

ఎండలు ముదిరాక బాపూ నేనూ ఇంకోసారి అత్త దగ్గరికి పోయాం. చెట్లు మోడువారాయి. బాపు ఇచ్చిన గొర్రెలు తోటలో తిరుగుతూ, ముడుచుకున్న బత్తాయి ఆకులను అందినకాడికి తెంపుకుని తింటున్నాయి. అత్త కర్రతో పై కొమ్మలు వంచి వాటికి అందిస్తోంది. నన్ను చూసి నవ్వింది. ఆకు మంచిగ తింటున్నయ్ కోడలా అన్నది. తోట నడుమ బోరు రంధ్రం మీద పిల్లలెవరూ పడకుండా పెద్ద బండరాయి పెట్టి ఉంది. దాని మీద పసుపు ఇంకా పోలేదు.

తిరుగు బస్సులో బాపు, నేను పక్కపక్కన కూర్చున్నాం. ఎదుటి సీట్లో ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. చేతిలో తమలపాకులకు సున్నం రాసుకుంటోంది. కాసేపటికి బాపును అడిగింది.

"నీ బిడ్డనా? ఏం చదువుతాంది?"

ఒకప్పుడైతే ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసే మనిషి. ఉప్పు, సీసా, చుక్క, అంతా చెప్పేవాడు, దిగాల్సిన స్టేజీ దాటిపోయినా చెప్పేవాడు. బాపు గొంగడి సర్దుకున్నాడు.

"ఏదో, చదువుతాంది."

ఆ మాట ఆయన నోట్లోంచి నేనే లాగేసుకున్నాను కాబట్టి నేనే తిరిగి పెట్టాలనిపించింది. "ఉప్పుల దాగిన నీళ్లను చూస్త పెద్దమ్మా," అన్నాను, ఆయన మాటల్లోనే.

ముసలమ్మ ఆకు నమలడం ఆపింది. "కనబడ్తయా?"

"కనబడ్తయ్."

"తీస్తవా మరి?"

"తీయనీకి రాదు."

"మరి ఊకె చూసుడెందుకు బిడ్డా?"

నేను బాపు వైపు చూశాను. నా తరఫున ఎప్పుడూ ఆయనే సమాధానం చెప్పేవాడు. బాపు తల వంచుకుని అంగీ జేబులో టికెట్ల కోసం వెతకసాగాడు. పై జేబు చూశాడు, పక్క జేబు చూశాడు, మళ్లీ పై జేబు చూశాడు. టికెట్లు రెండూ నా చేతిలోనే ఉన్నాయి.